పదకొండో వరుస

మాస్టారు కాలి కింది పెడల్ నొక్కారు. రికార్డింగు రెండు సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలైంది. ముందు మెరుపుల చిటపట, దాని మీద ఒక ఆడగొంతు, ఆ వెంటనే ఇద్దరు పైలట్లు ఒకేసారి బటన్ నొక్కితే పుట్టిన కీచుమోత. మళ్లీ నొక్కారు. నాలుగోసారి విన్నాక కళ్లు తెరిచి, నాలుగో పేజీలో పదకొండో వరుస టైపు చేశారు.

"ఫోర్ వన్ ఫైవ్, మూడు వేల అడుగులకు దిగండి."

విమాన ప్రమాదాలనూ, త్రుటిలో తప్పిపోయిన ప్రమాదాలనూ విచారించే ఆఫీసులో ఆయన పని అదే. ఆకాశంలో ఎవరు ఎవరితో ఏమన్నారో విని కాగితం మీద పెట్టాలి. పేజీకి మూడు నిలువు గళ్లు. మొదటి దాంట్లో టైము, రెండో దాంట్లో మాట్లాడిన మనిషి, మూడో దాంట్లో మాట. మాట అంతుపట్టకపోతే 'స్పష్టంగా లేదు' అని రాయడానికి రూలు ఒప్పుకుంటుంది. మాస్టారు ఆ రెండు ముక్కలు రాసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. వర్షం హోరులో, ఇంజన్ల రొదలో, వణికే గొంతుల్లో ఆయన మాటను వెతికి పట్టుకొచ్చేవారు. అందుకే ఆఫీసులో ఆయన్ని కొందరు చెవిగారని కూడా అనేవారు.

ఆ గదిలో ఇంకో కుర్చీ ఉంది. మాస్టారు రాసినదాన్ని మొదటి నుంచి మళ్లీ విని, సరిపోయిందని సంతకం పెట్టాల్సిన ఉద్యోగినిది. ఆఫీసులో అందరూ ఆమెను రెండో కుర్చీ అనే పిలుస్తారు. అలవాటైపోయి ఫోన్ ఎత్తితే ఆమె కూడా "రెండో కుర్చీ మాట్లాడుతున్నానండీ" అంటుంది.

మాస్టారు కాగితాలు ఆమె బల్ల మీద పెట్టారు. "తొమ్మిది పేజీలమ్మా. ఒకసారి విను."

ఆమె అప్పటికే బ్యాగు భుజానికి తగిలించుకుంది. "మీరు విన్నాక నేను వింటే కొత్తగా ఏం వినపడుతుంది మాస్టారూ? స్కూలు వదిలేసే టైమైంది, పిల్లది గేటు దగ్గర నిలబడి ఉంటుంది." నిలబడే తొమ్మిది పేజీల కిందా సంతకాలు పెట్టేసి, పెన్ను మూత నోటితోనే బిగించి, గబగబా మెట్లు దిగిపోయింది.

అది సోమవారం.

జరిగింది అంతకు పది రోజుల ముందు. మబ్బుల్లో రెండు విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగడానికి వస్తున్నాయి. ముందున్నదాని నంబరు నాలుగువందల పంతొమ్మిది, నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉంది. వెనకది నాలుగువందల పదిహేను. అది ఐదు వేల అడుగుల్లో ఉంది, పెద్దది, వేగం ఎక్కువ. రాడార్ తెర ముందు కూర్చున్న కంట్రోలరమ్మాయి ఒక విమానాన్ని మూడు వేలకు దిగమంది. దిగడం మొదలుపెట్టింది వెనకది. కింద ఇంకో విమానం ఉందని దానికి తెలియదు. తెర మీద అంకెలు మారడం చూసి ఆ అమ్మాయి "ఫోర్ వన్ ఫైవ్, ఎడమకు తిరగండి, పైకి లేవండి, వెంటనే!" అని అరిచింది. రెండింటి మధ్య మూడువందల అడుగులే మిగిలాయి. రెండూ క్షేమంగా దిగాయి. ప్రయాణికుల్లో చాలామందికి ఒళ్లో కాఫీ ఒలకడం తప్ప ఏమీ తెలియలేదు.

ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ అమ్మాయి దిగమన్నది ఎవరిని? ముందున్న విమానం కెప్టెన్ "మమ్మల్నే అనుకున్నాం, జవాబివ్వబోతే కీచుమంది, అనుమానమొచ్చి ఆగిపోయాం, ఖచ్చితంగా చెప్పలేం" అని రాసిచ్చాడు. వెనకదాని కెప్టెన్ తమనే పిలిచారన్నాడు. ఇప్పుడు పదకొండో వరుస కూడా అదే అంటోంది. అంటే తప్పు ఆ అమ్మాయిదే.

*

మంగళవారం మధ్యాహ్నం ఆ అమ్మాయే గది గుమ్మంలో నిలబడింది. ముప్పై దాటి ఉండవు. మెడలో గుర్తింపు కార్డు తాలూకు తాడుంది, కార్డు లేదు. తీసేసుకున్నారు. చేతిలో గొట్టంలా చుట్టిన కాగితాలు, మాస్టారు రాసినవాటి నకలు.

"నేను ఇక్కడికి రాకూడదని తెలుసు మాస్టారూ. గొడవకి రాలేదు. ఒక్క మాట అడిగి వెళ్లిపోతా."

మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నారు. "కూర్చో అమ్మా."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. కాగితాలు విప్పి నాలుగో పేజీ తీసింది. పదకొండో వరుస దగ్గర వేలు పెట్టింది గాని చూపు ఆయన మీదే ఉంది. "నేను ఫైవ్ అన్నానా?"

"కాగితంలో ఉన్నదదే కదమ్మా."

"ఉంది. నాకైతే నైన్ అన్నట్టే గుర్తు. పద్ధతి ప్రకారం నైనర్ అని సాగదీయాలి, ఫైవ్‌తో కలిసిపోకుండా. తొందరలో నైన్ అని ఊరుకున్నానేమోనని భయపడ్డాను గాని, ఫైవ్ అని మాత్రం అనలేదని నిన్న సాయంత్రం దాకా ఒట్టేసి చెప్పేదాన్ని. ఇది చదివాక..." వేలు ఆ వరుస మీద ఇటూ అటూ కదిలింది. "ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకూ ఫైవ్ అనే వినిపిస్తోంది. నా నోటిమాట నాకే గుర్తు లేకుండా పోయింది."

"అంత ఒత్తిడిలో ఎవరికైనా జరుగుతుంది తల్లీ" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. అనుమానం లేదు.

"జరుగుతుంది." ఆమె కాగితాలు మళ్లీ చుట్టింది. "శుక్రవారం విచారణలో ఒప్పేసుకుంటాను. ఇంక తెర ముందు కూర్చోనివ్వరు. పోనీలెండి. రెండు విమానాల్లో మూడొందల పన్నెండు మంది ఉన్నారు. అందరూ ఇళ్లకెళ్లి అన్నాలు తిన్నారు. నాకదే పదివేలు." లేచి నిలబడి, మొహమాటంగా అంది. "మీరు ఒక్కో మాటా పదిసార్లు వింటారని మావాళ్లు చెప్పారు. అంత శ్రద్ధగా విన్నందుకు థాంక్స్. ఎవరో అరకొరగా విని రాసి ఉంటే బతికినంత కాలం అనుమానంతో చచ్చేదాన్ని."

గుమ్మం దగ్గర ఆగి, అటు తిరిగే ఏదో అంది. మాస్టారు "ఊ" అని తలూపారు. ఆమె ఒక క్షణం ఆగి వెళ్లిపోయింది.

రెండో కుర్చీ తన బల్ల దగ్గర్నుంచి తలెత్తి చూసింది. "అదేంటి మాస్టారూ? తలుపు వెయ్యనా, తీసి ఉంచనా అని అడిగితే ఊ అంటారేం?"

"ఏదో ఆలోచనలో ఉన్నాలే" అన్నారు మాస్టారు.

కాని ఆ మధ్యాహ్నమంతా ఆయనకు పని ముందుకు సాగలేదు. ఆ అమ్మాయి అరిచి ఉంటే, టేబుల్ గుద్ది ఉంటే బాగుండేది. థాంక్స్ చెప్పి వెళ్లింది. ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది.

*

సాయంత్రం ఆరింటికి ఇంటికి వచ్చేసరికి భార్య కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తోంది. ఇంటి దగ్గరే బట్టలు సరిచేసే పని ఆమెది. మాస్టారు కెటిల్‌లో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, మరిగితే ఈల వేస్తుందిలే అని అక్కడే బల్ల దగ్గర పేపరు విప్పారు.

కాసేపటికి మిషను చప్పుడు ఆగింది. భార్య లేచి వచ్చి, ఆయన ఎడమపక్కనుంచి చెయ్యి చాపి పొయ్యి ఆపింది. కెటిల్ మూతి నుంచి ఆవిరి తెల్లగా చిమ్ముతోంది.

"దీని ఈల పాడైనట్టుంది" అన్నారు మాస్టారు. "కొత్తది కొనాలి."

ఆమె రెండు కప్పుల్లో టీ పోసి, ఎప్పటిలాగే ఆయన కుడిపక్క కుర్చీలో కూర్చుంది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఇనప టోపీ ఇంకా అలాగే ఉంది. మాస్టారు ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం ఎవరు, ఎక్కడ అనకుండా, ఒకమ్మాయి వచ్చిందనీ, తను టైపు చేసిన మాట చూసి తప్పు ఒప్పుకుంటానందనీ, థాంక్స్ చెప్పిందనీ చెప్పారు.

భార్య టీ తాగడం ఆపింది. "ఆ అమ్మాయి గొంతు మీకు ఏ చెవిలో వస్తుంది?"

"అదేం ప్రశ్న? ఎడమ చెవిలో. కంట్రోలర్లు ఎడమ, పైలట్లు కుడి. మా దగ్గర ఎప్పుడూ అంతే."

ఆమె కప్పు కింద పెట్టింది. లేచి ఆయన కుర్చీ చుట్టూ తిరిగి ఎడమవైపు వెనకగా నిలబడింది. మాస్టారు పేపరు అంచు సరిచేసుకుంటున్నారు. ఆమె మళ్లీ ఎదురుగా వచ్చింది.

"నేనేమన్నాను?"

"ఏమైనా అన్నావా?"

"మీ చొక్కాకి నిప్పంటుకుందన్నాను."

మాస్టారు అప్రయత్నంగా చొక్కా వైపు చూసుకుని, నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లు దాటింది." ఆమె నవ్వుదామనుకుంది, సగమే వచ్చింది. "ఆ చెవిలో రెండేళ్లుగా మిమ్మల్ని కడుపారా తిట్టుకుంటున్నా. ఒక్కరోజు కూడా గొడవవలేదు."

మాస్టారు నవ్వలేదు. ఆయనకు ఒక్కొక్కటీ కళ్ల ముందుకొచ్చింది. రోడ్డు మీద నడుస్తున్నప్పుడు ఆమె వెనకనుంచి చుట్టు తిరిగి కుడివైపుకి రావడం. కూరగాయల కొట్టువాడు ధర చెప్పగానే "ఎంతా, నలభయ్యా?" అని పైకి అనడం. ఇంటికి ఎవరొచ్చినా వాళ్లడిగిన ప్రశ్నే తను మళ్లీ అడిగినట్టు అడగడం. వయసుతోపాటు ఆమెకు చాదస్తం పెరిగిందనుకున్నారాయన. ఒకటి రెండుసార్లు విసుక్కున్నారు కూడా.

"నాకెందుకు చెప్పలేదు?" ఆయన గొంతు పెరిగింది.

"ఎలా చెప్పను? ఆ చెవుల మీదే కదా మీరు తలెత్తుకు తిరిగేది. నేనే ఒక పక్కకి సర్దుకుంటే సరిపోతుందనుకున్నా. ఇంట్లోదాకా సరిపోయింది కూడా." ఆమె కప్పు పక్కకు జరిపింది. "అక్కడ ఇంకోళ్ల పిల్ల ఉంటుందని నాకు తట్టలేదండీ."

మాస్టారికి ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆ మంట ఎటు పోయిందో తెలియలేదు. ఈ రెండేళ్లలో ఈ మనిషి తన చుట్టూ ఎన్నిసార్లు తిరిగి ఉంటుంది? వానలో, జనంలో, చేతిలో సంచులతో. ఒక్కసారి కూడా ఎందుకు తిరిగిందో తనకు తెలియనివ్వకుండా. ఆయన చెయ్యి చాపి, టోపీ తొడిగిన ఆమె వేలు పట్టుకున్నారు. ఆ ఇనపముక్క చల్లగా, గరుకుగా ఉంది.

"టీ చల్లారిపోతోంది" అంది ఆమె, ఆయన కుడిచెవి వైపు వంగి.

*

బుధవారం ఆఫీసు ఊడ్చేవాళ్లు వెళ్లకముందే మాస్టారు గదిలో ఉన్నారు. కంప్యూటరు పెట్టారు. నాలుగో పేజీ తీశారు. హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుని ఒక నిమిషం అలాగే చూశారు. ఎడమదాని మీద తెల్లరంగు చుక్క ఉంది. ఎన్నో ఏళ్ల కిందట తనే పెట్టుకున్న గుర్తు. ఆ చుక్క కుడివైపుకి వచ్చేలా తిప్పి పెట్టుకుని పెడల్ నొక్కారు.

ఆ అమ్మాయి గొంతు మొదటిసారి దగ్గరగా వినిపించింది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నిన్నటిదాకా ఆ ఊపిరి ఉందనే ఆయనకు తెలియదు. "ఫోర్ వన్..." తర్వాత మెరుపు చిటపట, దాని కింద ఒక మాట. మాట చివర ముక్కులోంచి వచ్చినట్టుంది. నైన్.

ఆయన మళ్లీ నొక్కారు. నైన్. మళ్లీ నొక్కారు. ఈసారి ఫైవ్ అనిపించింది. పన్నెండుసార్లు విన్నారు. మంచి చెవితో వింటున్నా ఒకసారి అటూ ఒకసారి ఇటూ. చిటపట సరిగ్గా ఆ అక్షరం మీదే పడింది. అక్కడ రాయాల్సింది ఫైవూ కాదు, నైనూ కాదు. సోమవారం అదే మాట చెడ్డ చెవితో విని, లేని నమ్మకంతో కాగితం మీద పెట్టేశారు తను.

రెండో కుర్చీ వచ్చేసరికి ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, వాటి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. విషయం చెప్పారు. చెవి సంగతి కూడా చెప్పారు. ఆమె నిలబడినట్టే ఉండిపోయింది. బ్యాగు భుజం మీదనుంచి జారి మోచేతి దగ్గర ఆగింది.

"మాస్టారూ, ఆ కాగితాల మీద నా సంతకం ఉంది."

"ఉంది."

"వినకుండా పెట్టాను."

"నా మీద నమ్మకంతో పెట్టావు. తప్పు నాదని రాసిస్తాను."

"మీరు రాస్తే మాత్రం ఊరుకుంటారా? నువ్వెందుకు వినలేదని మొదట నన్నే అడుగుతారు. నాకింకా పదమూడేళ్ల సర్వీసుంది." ఆమె తలుపు దాకా వెళ్లి, తలుపేసి, వెనక్కి వచ్చింది. గొంతు తగ్గించి అంది. "ఎవరికీ తెలీదు కదా. ఆ అమ్మాయే ఒప్పుకుంటానంటోంది కదా."

ఆ మాట ఆయన కూడా పొద్దుటి నుంచి నాలుగైదుసార్లు అనుకున్నదే. ఆమె మీద కోపం రాలేదు. హెడ్‌ఫోన్లు ఆమె వైపు జరిపారు. "నువ్వొకసారి విను. తర్వాత నువ్వేం చెయ్యమంటే అది చేద్దాం."

ఆమె అయిష్టంగా కూర్చుని పెట్టుకుంది. మాస్టారు పెడల్ నొక్కారు. ఆమె కనుబొమలు దగ్గరయ్యాయి. మళ్లీ అన్నట్టు వేలు చూపించింది. మళ్లీ నొక్కారు. ఐదోసారి తర్వాత ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నైన్‌లా ఉంది. కాదనీ చెప్పలేను." తర్వాత ఎవరి మీదో విసుక్కున్నట్టు అంది. "ఆ పిల్ల ఊపిరి కూడా వినపడుతోంది మాస్టారూ. ఎంత భయపడుతోందో పాపం." లేచి జుట్టు సరిచేసుకుంది. "పదండి. నేనూ వస్తాను. మీరొక్కరే వెళ్తే నన్ను వెనకేసుకొచ్చి ఇంకా ఇరికిస్తారు."

విచారణాధికారిణి గది పైఅంతస్తులో ఉంది. పొడవాటి మనిషి, కళ్లజోడు ముక్కు చివర, ఎదుటివాళ్లు చెబుతున్నంత సేపూ రాసుకుంటూనే ఉంటుంది. ఆ రోజు రాసుకోలేదు. పెన్ను కింద పెట్టి విన్నది. మాస్టారు అంతా వరసగా చెప్పారు. చెవి, కెటిల్, హెడ్‌ఫోన్లు తిప్పడం, పన్నెండుసార్లు. రెండో కుర్చీ తన వంతుగా ఒక్కటే వాక్యం చెప్పింది. "నేను వినకుండా సంతకం పెట్టాను మేడమ్."

"రెండేళ్లన్నారు" అంది అధికారిణి. "ఈ రెండేళ్లలో మీరు ఎన్ని రాశారు?"

"నలభై ఒకటి మేడమ్. అన్నీ మళ్లీ వినాలి. జాబితా తెచ్చాను." మాస్టారు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. "ఈ పదకొండో వరుసలో 'స్పష్టంగా లేదు' అని మార్చి రాశాను. అలా ఉంటే రూలు ప్రకారం విమానంలోని రికార్డరు పెట్టె విప్పాలి కదా. ముందున్న విమానంలో పైలట్ల చెవికి ఆ అమ్మాయి మాట ఈ చిటపట లేకుండా నేరుగా చేరి ఉంటుంది. ఆ పెట్టె సీలు వేసి బీరువాలోనే ఉంది."

"నేల మీది రికార్డింగు స్పష్టంగా ఉందని మీరు రాస్తేనే కదా, దాన్ని విప్పనక్కర్లేదని నేను రాశాను."

"అవును మేడమ్."

ఆమె లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. మాస్టారు తన ఉద్యోగం పోయిందనే అనుకున్నారు. విచిత్రంగా ఆ క్షణంలో భయం వెయ్యలేదు. పెద్ద మూట కింద పెట్టినట్టు భుజాలు తేలికయ్యాయి.

"శుక్రవారం ఆ అమ్మాయి ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో తెలుసా మీకు?" అంది అధికారిణి. గొంతులో కోపం ఉంది గాని ఆ కోపం అంతా ఆయన మీదే ఉన్నట్టు లేదు. "కింద నా సంతకం ఉండేది. జన్మలో తెలిసేది కాదు నాకు." కుర్చీలో కూలబడి, పెన్ను తీసుకుంది. "పెట్టె విప్పమని రాస్తున్నాను. మీరిద్దరూ కూర్చోండి ముందు. నిలబడే ఉన్నారు ఇందాకట్నుంచీ."

*

శుక్రవారం పదిన్నరకి చిన్న సమావేశం గదిలో ఆరుగురు కూర్చున్నారు. బల్లకి ఆ చివర కంట్రోలరమ్మాయి. ఆమెకి సంగతి ముందే చెప్పారు. అయినా చేతిలో ఒప్పుకోలు కాగితం ఉండనే ఉంది, ఎందుకైనా మంచిదన్నట్టు. ఈ చివర మాస్టారు. మధ్యలో అధికారిణి. ఆమెకి ఎదురుగా, ముందున్న విమానం పెట్టెలోని రికార్డింగు వినడానికి ముగ్గురు, మూడు హెడ్‌ఫోన్లతో. రెండో కుర్చీ, యంత్రాలు బాగుచేసే మెకానిక్కు, ఇంకో ఆఫీసు నుంచి పిలిపించిన ఒక పెద్దావిడ. ఆ పెద్దావిడకి ఈ కేసు గురించి ఏమీ చెప్పలేదు.

"వినండి. విన్నది కాగితం మీద రాసి మడిచి ఇవ్వండి. పక్కవాళ్లవి చూడకండి" అంది అధికారిణి. మెకానిక్కు పరీక్ష హాల్లోలాగా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

మాస్టారికి ఏమీ వినిపించడం లేదు. ఆ ముగ్గురి మొహాలే కనిపిస్తున్నాయి. పెద్దావిడ కళ్లు మూసుకుంది. మెకానిక్కు పెదవులు కదిపాడు. రెండో కుర్చీ ఒక్కసారే విని, వెంటనే రాయకుండా మళ్లీ పెట్టమంది. మళ్లీ విన్నది. మూడోసారి కూడా విన్నది. అప్పుడు రాసింది.

మూడు మడతలూ అధికారిణి చేతికి వచ్చాయి. ఆమె విప్పలేదు. బల్ల మీదుగా మాస్టారు వైపు తోసింది. "మీరు చదవండి. కళ్లు బాగానే ఉన్నాయి కదా?"

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. మొదటి కాగితం విప్పారు. పైకి చదివారు.

"ఫోర్ వన్ నైన్, మూడు వేల అడుగులకు దిగండి."

రెండోది. "నైన్. స్పష్టంగా ఉంది."

మూడోది రెండో కుర్చీ చేతిరాత. కొంచెం ఎక్కువ రాసింది. "ఫోర్ వన్ నైన్. తర్వాత పక్క పైలటు కాబోలు, కెప్టెన్‌తో 'మనకే, మూడు వేలు' అన్నాడు. కెప్టెన్ 'కీచుమంది, ఆగు, అడుగుదాం' అన్నాడు."

అమ్మాయి చేతిలోని కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. దాని మీద రెండు చేతులూ ఆన్చి, ఆ చేతుల మీద నుదురు ఆన్చింది. ఏడవలేదు. భుజాలు మాత్రం ఒకసారి పైకి లేచి కిందకి దిగాయి.

ఆ తర్వాత మిగిలినవి ఒక్కొక్కటీ తేలాయి. నివేదికలో ఎవరినీ దోషిగా చూపలేదు. ఒకే గంటలో, ఒకే దారిలో, అంత దగ్గరి నంబర్లతో రెండు విమానాలు రాకూడదని రాశారు. ఒకదాని నంబరు ఆ నెలలోనే మారింది. నైనర్ అని సాగదీయాల్సిందనీ రాశారు, ఆ వాక్యం పెట్టమని ఆ అమ్మాయే అడిగింది. మాస్టారు నలభై ఒక్క కేసుల జాబితాతో ఇద్దరు కొత్తవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు విన్నదాన్ని తను రాసినదానితో సరిపోల్చి చూడాలి. ఆ పని అయ్యేదాకా ఆయన్ని ఇంటికి పంపేది లేదని అధికారిణి తేల్చి చెప్పింది. ఆ తర్వాత సంగతి చెవుల డాక్టరును చూపించుకుని వచ్చి మాట్లాడమంది. రెండో కుర్చీకి ఒక మందలింపు కాగితం వచ్చింది. ఆమె దాన్ని మడిచి సొరుగులో పెట్టుకుంది. ఆ రోజు నుంచి పిల్లదాన్ని తీసుకురావడానికి భర్తను పంపుతోంది.

ఇవన్నీ తర్వాత జరిగినవి. ఆ శుక్రవారం పదకొండున్నరకి మాస్టారు వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. అమ్మాయి గదిలోంచి బయటికి వచ్చి ఆయన్ని చూసి ఆగింది. మాస్టారు చేతులు జోడించారు.

"నన్ను క్షమించు తల్లీ. నాలుగు రోజులు నీ మాట నీకు కాకుండా చేశాను."

ఆమె కంగారుగా ఆయన చేతులు పట్టుకుని కిందకి దించింది. "అయ్యో, అదేంటి మాస్టారూ! మీరు ఊరుకుని ఉంటే నేను ముసలిదాన్నయ్యేదాకా నా తప్పేననుకునేదాన్ని. మీరు ఊరుకోలేదు." ఇంకా ఏదో అనబోయి ఫోన్ తీసింది. "మా అమ్మకి చెప్పాలి. తప్పు నాదేనని ఫోన్‌లో నేనే చెప్పాను. ఆ రోజు నుంచి ఆవిడ సరిగా తినడం లేదు."

ఫోన్ కలిసింది. "అమ్మా" అంది, అంతే, ఇక మాట రాలేదు. గోడ వైపు తిరిగి, తడబడుతూ, వెనకదీ ముందుదీ కలిపేస్తూ చెప్పింది. మధ్యలో నవ్వింది. మధ్యలో ముక్కు తుడుచుకుంది. చివరికి ఫోన్ మాస్టారు వైపు చాపింది. "మీతో మాట్లాడతానంటోంది."

మాస్టారు వెనక్కి తగ్గారు. "నాతోనా? నేనేం మాట్లాడనమ్మా?"

"తీసుకోండి మాస్టారూ."

ఆయన ఫోన్ అందుకుని కుడిచెవికి ఆనించుకున్నారు. అవతల ఒక పెద్దావిడ అప్పటికే మాట్లాడుతోంది. గబగబా, ఏడుపులో, మాట మీద మాట పడుతూ. అమ్మాయి పేరు రెండు మూడుసార్లు వినబడింది. 'బాబూ' అన్నది తెలిసింది. మిగతాది ఏమీ పట్టు చిక్కలేదు. ఇన్నేళ్లలో ఇలాంటప్పుడు ఆయన చేసేదొక్కటే. సగం విని, మిగతా సగం తనే ఊహించుకుని, అవునవునని తలూపడం.

"అమ్మా" అన్నారు మాస్టారు. "నాకు చెవి సరిగా వినపడదు. మీరన్నది ఒక్క ముక్క కూడా పోగొట్టుకోవాలని లేదు. కాస్త నెమ్మదిగా, ఇంకోసారి చెబుతారా?"

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు సవరించుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు విడివిడిగా, మొదటి నుంచీ మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.